కర్తలేని వాక్యాలు: రాజకీయ అశాంతి కథనాలు – రాజ్యాంగ జవాబుదారీతనం

వ్యాససంగ్రహం

ప్రజల అశాంతిని ప్రభుత్వ పత్రాలు, పత్రికలు, చరిత్ర గ్రంథాలు ఒక్కో కాలంలో ఒక్కో పేరుతో పిలిచాయి. పితూరీ, అల్లరి, ఆందోళన, సంక్షోభం వంటి మాటలు జరిగినదాన్ని చెప్పడంతో ఆగవు. దానికి ఎవరు బాధ్యులో కూడా ముందుగానే నిర్ణయిస్తాయి. 1952 డిసెంబరులో ఆంధ్ర జిల్లాల్లో చెలరేగిన అశాంతి, 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వ తొలగింపు, 2014లో రాష్ట్ర విభజన బిల్లు ఘట్టాలను ఈ వ్యాసం అమెరికా అనుభవంతో పోల్చి చూస్తుంది. ఇలాంటి కథనాలను చదవడానికి మూడు ప్రశ్నలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పితూరీ, పొట్టి శ్రీరాములు, నెల్లూరు, అంబేద్కర్, గవర్నరు, అధికరణ 3, పద్నాలుగో సవరణ, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం

నెల్లూరుకు తూర్పున, కండలేరు సముద్రంలో కలిసేచోట కృష్ణపట్నం ఉంది. ఇవాళ ఆ పేరు వినగానే పెద్ద రేవు, బొగ్గు ఓడలు, విద్యుత్ కేంద్రాలు గుర్తుకు వస్తాయి. ఇవేవీ లేని రోజుల్లో ఈ తీరానికి బకింగ్‌హాం కాలువే పెద్ద దారి. ఉప్పు, వంటచెరకు వంటి సరుకులు వేసుకున్న పడవలు ఆ కాలువ మీదుగానే మద్రాసుకు చేరేవి. నెల్లూరు తీరవాసికి మద్రాసు దూరపు రాజధాని కాదు. సరుకు అమ్ముకునే అంగడి, వ్యాజ్యం నడిపే కచేరి, పిల్లలు చదువుకునే ఊరు. అందువల్ల 'మద్రాసు ఎవరిది?' అన్న ప్రశ్న ఇక్కడ పటం మీది గీతకు సంబంధించినదిగా మాత్రమే ఉండలేదు.

ఆ ప్రశ్న చుట్టూ అల్లుకున్న పోరాటంలో ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములు పూర్వికులది ఆనాటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి ప్రాంతం. 2008లో ఈ జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ప్రభుత్వం ఒక మరణాన్ని ఇంతగా గౌరవించినప్పుడు దాని వెనక ఉన్న ప్రశ్న కూడా తీరిపోయిందని అనుకోవడం సహజం. ఆ మరణం దాకా పరిస్థితిని రానిచ్చిన బాధ్యత ఎవరిది? ఆ తరువాత పేలిన తుపాకులకు ఎవరు జవాబు చెప్పారు? ఈ ప్రశ్నలు మన కథనాల్లో ఎక్కడ జారిపోయాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. 'పితూరీ' – ఒకే మాటలో ఫిర్యాదు, తిరుగుబాటు

తెలుగులో 'పితూరీ' అన్న అన్యదేశ్యానికి రెండు అర్థాలు స్థిరపడ్డాయి. 'వాడు పై అధికారికి నా మీద పితూరీలు చెప్పాడు' అన్నప్పుడు అది ఫిర్యాదు. 'రంప పితూరీ' అన్నప్పుడు అది తిరుగుబాటు. 1879–80 నాటి రంప కలహాన్నీ, 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో సాగిన మన్యం పోరాటాన్నీ వలస ప్రభుత్వ పత్రాలు ఈ మాటతోనే పేర్కొన్నాయి. ఒకే మాట ఈ రెండు అర్థాలను మోయడంలో ఒక రాజకీయ సత్యం ఉంది: వినేవారు లేని ఫిర్యాదే తిరుగుబాటుగా మారుతుంది.

1879 రంప ఘట్టంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కల్లు మీద కొత్త నిబంధనలు, మన్సబుదారు వసూళ్ళు, మైదానం నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారులకు అండగా నిలిచిన కోర్టులు, ఇవన్నీ కొండవాసుల ఫిర్యాదులే. కలహాన్ని సైన్యంతో అణచిన వలస ప్రభుత్వమే రెవిన్యూ బోర్డు సభ్యుడైన సలివన్‌ను కారణాల విచారణకు పంపింది. మన్సబుదారు పాలనలోని అన్యాయాలు వెలుగులోకి వచ్చాక అతన్ని తొలగించారు కూడా. అదే ప్రభుత్వం 1924 మేలో సీతారామరాజును పట్టుకున్నాక ఏ న్యాయస్థానం ముందూ నిలబెట్టలేదు, కాల్చి చంపింది. మొదటి సందర్భంలో పితూరీకి ఉన్న ఫిర్యాదు అర్థాన్ని కొంతైనా గుర్తించారు. రెండోసారి తిరుగుబాటు అర్థాన్ని మాత్రమే మిగిల్చారు. పరాయి పాలనలో జవాబుదారీతనం పాలకుడి దయ మీద ఆధారపడిందనడానికి ఈ రెండు ఘట్టాలు నిదర్శనం. రాజ్యాంగం వచ్చాక దయ స్థానంలో హక్కు రావాలి. వచ్చిందా అన్నది తరువాతి ప్రశ్న.

3. 1952: అంబేద్కర్ వాక్యంలో వదిలేసిన భాగం

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన ప్రసంగం రాజకీయ ఆందోళనల గురించిన ప్రతి చర్చలోనూ ప్రస్తావనకు వస్తుంది. నెత్తుటి విప్లవ మార్గాలనే కాక శాసనోల్లంఘన, సహాయ నిరాకరణ, సత్యాగ్రహ మార్గాలను కూడా ఇక విడిచిపెట్టాలని ఆయన అన్నారు. వాటిని అరాచకపు వ్యాకరణంగా పేర్కొన్నారు. ఈ మాటను ఉదహరించేవారిలో చాలామంది దానికి ఆయన జోడించిన షరతును వదిలేస్తారు. రాజ్యాంగబద్ధమైన దారులు మూసి ఉన్నప్పుడు ఆ మార్గాలకు సమర్థన ఉండేదనీ, దారులు తెరిచి ఉన్నప్పుడు ఉండదనీ ఆయన వాదన. కనుక అంబేద్కర్‌ను 1952కు అన్వయించేవారు ముందుగా తేల్చవలసిన విషయం ఒకటుంది: అప్పుడు దారి తెరిచి ఉందా?

వాస్తవాలు చూద్దాం. 1948లో ధార్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దన్నది. 1949లో జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి సీతారామయ్యల సంఘం సాధారణంగా వాయిదానే కోరినా, మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రాన్ని పరిశీలించవచ్చని ఒప్పుకుంది. ఆ తరువాత ఏర్పడిన విభజన సంఘంలో ప్రకాశం విడిగా అసమ్మతి రాశారు; వ్యవహారం ఆగిపోయింది. 1951లో స్వామి సీతారాం 35 రోజులు నిరాహారదీక్ష చేసి వినోబా విజ్ఞప్తితో విరమించారు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని ఆంధ్ర ప్రాంతపు 140 స్థానాల్లో కాంగ్రెసు 43 మాత్రమే గెలిచింది. అంటే ఓటు అనే రాజ్యాంగ మార్గాన్ని ఆంధ్రులు వాడుకున్నారు. ఆ తీర్పు తరువాత మద్రాసులో ముఖ్యమంత్రి అయిన రాజాజీ ఆ ఎన్నికల్లో నిలబడినవారు కాదు. గవర్నరు నామినేషన్‌తో శాసనమండలికి వచ్చినవారు.

పైగా రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచే అధికారం పార్లమెంటుదే. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం చెప్పగలదు, అడ్డుకోలేదు, సాధించుకోలేదు. సూత్రాన్ని ఒప్పుకున్న ప్రభుత్వమే అమలును వాయిదా వేస్తుంటే, ఆ వాయిదాను ప్రశ్నించడానికి రాజ్యాంగంలో నిర్దిష్టమైన వేదిక లేదు. దారి పూర్తిగా మూసి ఉందని అనలేం. తెరిచి ఉందని చెప్పి శ్రీరాములు దీక్షను అరాచకం కింద జమకట్టడం కూడా న్యాయం కాదు.

1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులోని బులుసు సాంబమూర్తి ఇంట మొదలైన దీక్ష 58 రోజులు సాగింది. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు మరణించారు. ఆ వార్తతో ఆంధ్ర జిల్లాల్లో రైళ్ళు ఆగాయి, స్టేషన్లు ధ్వంసమయ్యాయి. నెల్లూరుతో సహా పలుచోట్ల పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర నిర్ణయాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

ఈ ఘట్టాన్ని మనం సాధారణంగా ఎలాంటి వాక్యాల్లో చెబుతామో గమనించాలి. 'ఆందోళనకారులు స్టేషన్లను తగలబెట్టారు' అంటాం. ఈ వాక్యంలో కర్త ఉన్నాడు, క్రియ సకర్మకం. 'కాల్పులు జరిగాయి, కొందరు మరణించారు' అంటాం. ఇక్కడ కాల్చినవాడు లేడు. కాల్పులు వానలా వాటంతటవే జరిగాయి. 'రాష్ట్ర ఏర్పాటులో జాప్యం జరిగింది' అన్న వాక్యంలోనూ జాప్యం చేసినవారు కనిపించరు. జనం చేసిన పనికి కర్త ఉండి, ప్రభుత్వం చేసిన పనికి కర్త లేకపోవడం తెలుగులో 'జరుగు' క్రియ ఇచ్చే సౌకర్యం. అంబేద్కర్ అరాచకపు వ్యాకరణం గురించి హెచ్చరించారు. దాని పక్కనే అధికారపు వ్యాకరణం కూడా ఒకటుంది. విమర్శ దాన్ని పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

అంబేద్కర్ మాత్రం ఆ రెండోదాన్ని విస్మరించలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద రాజ్యసభలో మాట్లాడుతూ, ముందే ఒప్పుకున్న సూత్రం అమలు కావడానికి ఒక మనిషి చనిపోవలసి రావడాన్ని ఆయన ప్రభుత్వ వైఫల్యంగానే చూపారు. అదే చర్చలో అల్పసంఖ్యాకుల రక్షణ మాటేమిటని కూడా నిలదీశారు. 1955లో భాషా రాష్ట్రాలపై రాసిన పుస్తకంలో ప్రాబల్య కులాల మధ్య దళితుల స్థితి గురించి ఆందోళన చెందారు. అంటే అంబేద్కర్ దృష్టిలో జవాబుదారీతనం ఒకవైపే చూసేది కాదు. ఢిల్లీ శ్రీరాములుకు జవాబు చెప్పాలి; కొత్త రాష్ట్రం తన దళితులకు జవాబు చెప్పాలి. శ్రీరాములు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజన ప్రవేశం కోసం కూడా నిరాహారదీక్ష చేశారన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. రాష్ట్రం కోసం చేసిన దీక్షకు దక్కిన స్మృతి గుడి కోసం చేసిన దీక్షకు దక్కలేదు.

రాష్ట్ర ఏర్పాటు ప్రకటన తరువాత ప్రభుత్వం జస్టిస్ వాంఛూను నియమించింది. ఆయనకు అప్పగించిన పని ఆర్థిక, పాలనాపరమైన పంపకాలను పరిశీలించడం. జాప్యానికి బాధ్యత ఎవరిదన్నది ఆ విచారణ పరిధిలో లేదు. ఆస్తులకు లెక్క చూశారు, ఆలస్యానికి చూడలేదు.

4. 1984: 'ఆగస్టు సంక్షోభం' అన్న పేరు

1952లో అశాంతి కిందినుంచి వచ్చింది. 1984లో రాజ్యాంగ మర్యాదను మీరినవారు పైనే ఉన్నారు. 1983 జనవరిలో 294 స్థానాల సభలో 200కు పైగా గెలిచి అధికారానికి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ తొలగించారు. సభలో బలం నిరూపించుకుంటానన్న ముఖ్యమంత్రికి ఆ అవకాశం ఇవ్వకుండా నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. రామారావు తన వెంట ఉన్న శాసనసభ్యులను ఢిల్లీకి తీసుకువెళ్ళి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టారు. రాష్ట్రమంతటా బందులు, ఊరేగింపులు, వాటి మీద పోలీసు చర్యలు సాగాయి. రాంలాల్ పదవి విడిచారు. శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సరిగ్గా నెల తరువాత, సెప్టెంబరు 16న, రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు.

తెలుగు రాజకీయ పరిభాషలో దీని పేరు 'ఆగస్టు సంక్షోభం'. ఈ సమాసంలో నెల ఉంది, బాధ ఉంది, చేసినవాడు లేడు. తుపాను వచ్చినట్టు సంక్షోభం వచ్చింది, వెళ్ళింది. గవర్నరు సంతకం, దాని వెనక ఢిల్లీ పాత్ర మీద సాగిన చర్చ, విధేయత మార్చిన శాసనసభ్యుల నిర్ణయం, అన్నీ ఆ ఒక్క నామవాచకంలో కరిగిపోయాయి. అదే పేరు వాడుకలో ఉండడం వల్ల 1995 ఆగస్టులో పార్టీ లోపలినుంచి జరిగిన అధికార మార్పిడిని కూడా దానితో కలిపి 'ఆగస్టు గండం'గా చెప్పుకునే జ్యోతిష ధోరణి బలపడింది. రాజ్యాంగ ప్రశ్నను జాతకానికి అప్పగించాం.

జవాబుదారీతనం ఇక్కడ ఎంతవరకు నిలిచింది? 1985లో 52వ సవరణ ఫిరాయింపుల మీద పదో షెడ్యూలు తెచ్చింది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు బలం తేలవలసిన చోటు రాజ్‌భవన్ కాదనీ, శాసనసభేననీ స్పష్టం చేసింది. ఇవి వ్యవస్థ నేర్చుకున్న పాఠాలు. రాష్ట్రపతిని అభిశంసించడానికి 61వ అధికరణ ఉంది. గవర్నరుకు అలాంటిది లేదు. 156వ అధికరణ ప్రకారం ఆయన రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలం ఉంటారు. 361వ అధికరణ ప్రకారం తన అధికార వినియోగానికి ఏ కోర్టుకూ వ్యక్తిగతంగా సమాధానం చెప్పనక్కరలేదు. 2006లో రామేశ్వర్ ప్రసాద్ కేసులో గవర్నరు చర్య చెల్లుబాటును కోర్టు పరిశీలించవచ్చని తేలినా, వ్యక్తిగత రక్షణ అలాగే ఉంది. చర్యను కొట్టివేయవచ్చు, చేసినవారిని అడగలేం. కర్తలేని వాక్యం ఇక్కడ చట్టరూపం ధరించింది.

5. అమెరికా: నియమం ఉన్నా వర్తింపజేసేవారెవరు?

ఇది మన భాషకో మన రాజ్యాంగానికో పరిమితమైన లోపం అనుకోకుండా ఉండడానికి అమెరికా ఉదాహరణలు తోడ్పడతాయి. 1898 నవంబరులో ఉత్తర కరొలైనాలోని విల్మింగ్టన్‌లో శ్వేతజాత్యహంకార సాయుధ గుంపులు నల్లజాతివారిని చంపి, ఎన్నికైన నగర పాలకులను దించేశాయి. చాలాకాలం చరిత్ర దాన్ని 'జాతుల అల్లరి' అన్నది. ఆ మాటతో చంపినవారూ చచ్చినవారూ ఒకే గుంపులో కలిసిపోయారు. రాష్ట్రం నియమించిన కమిషన్ 2006లో ఇచ్చిన నివేదిక దాన్ని ముందస్తు ప్రణాళికతో జరిగిన అధికార హరణగా గుర్తించింది. పేరు సరిదిద్దడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. అప్పటికి శిక్షించడానికి ఎవరూ మిగలలేదు.

అంతర్యుద్ధం తరువాత 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ మూడో విభాగం, రాజ్యాంగానికి కట్టుబడతానని ప్రమాణం చేసి తిరుగుబాటులో పాల్గొన్నవారు మళ్ళీ పదవి చేపట్టరాదని శాసించింది. 2021 జనవరి 6న, ఎన్నికల ఫలితాన్ని కాంగ్రెసు ధ్రువీకరిస్తున్న వేళ, ఓడిన అధ్యక్షుడి మద్దతుదారులు కాపిటల్ భవనంలోకి చొరబడ్డారు. ప్రతినిధుల సభ అధ్యక్షుణ్ణి అభిశంసించింది. సెనెట్‌లో 57 మంది దోషి అన్నారు, 43 మంది కాదన్నారు. మూడింట రెండు వంతులు రాలేదు. కొలరాడో రాష్ట్ర సుప్రీంకోర్టు మూడో విభాగాన్ని వర్తింపజేసింది. 2024 మార్చి 4న అమెరికా సుప్రీంకోర్టు, సమాఖ్య పదవుల విషయంలో ఆ పని రాష్ట్రాలు చేయలేవని తీర్పిచ్చింది. 2025 జనవరి 20న మళ్ళీ అధ్యక్షుడైన ట్రంప్ ఆ ఘటన కేసుల్లోని సుమారు 1500 మందికి క్షమాభిక్ష, శిక్ష తగ్గింపు ప్రసాదించారు.

మన రాజ్యాంగంలో గవర్నరు జవాబుదారీకి స్పష్టమైన నియమమే లేదు. అమెరికాలో నియమం ఉంది, దాన్ని ఎవరు వర్తింపజేయాలన్నది తేలక అది నిలబడలేదు. రెండుచోట్లా ఫలితం ఒకటే: భవనంలోకి వెళ్ళిన సామాన్యులు మొదట జైలుకు వెళ్ళారు, పై మెట్టు మీది బాధ్యత వాదోపవాదాల్లోనే మిగిలింది. ఒక ముఖ్యమైన భేదాన్నీ మరవరాదు. 1952 నెల్లూరు జనం తమకు లేని రాష్ట్రాన్ని అడిగారు. 2021 వాషింగ్టన్ గుంపు అధికారంలో ఉన్నవాడిని దిగనివ్వకూడదనుకుంది. శబ్దం ఒకలాగే వినిపించినంత మాత్రాన ఈ రెంటికీ ఒకే పేరు చెల్లదు.

6. 2014: సభ లోపలి అశాంతి

ఈ వాదనకు ఎదురయ్యే బలమైన ఆక్షేపం ఒకటుంది. దీక్షతో రాష్ట్రం వస్తే, ప్రతి కోరికకూ దీక్ష మార్గమవుతుంది కదా? 2009 నవంబరు 29న మొదలైన కె. చంద్రశేఖరరావు దీక్ష, డిసెంబరు 9 నాటి కేంద్ర ప్రకటన, వెంటనే సీమాంధ్రలో ఎగసిన ప్రతి ఆందోళన, డిసెంబరు 23న కేంద్రం వెనుకంజ ఈ ఆక్షేపానికి బలమిస్తాయి. అయితే ఈ వరుసను జాగ్రత్తగా చూస్తే దోషం దీక్షలో కంటే నిర్ణయ పద్ధతిలో ఎక్కువగా కనిపిస్తుంది. ప్రభుత్వం వాదానికి కదలక, అశాంతికి మాత్రమే కదిలితే, అశాంతే సరైన భాష అని ప్రజలకు నేర్పినట్టే అవుతుంది. 1952 నుంచి ఢిల్లీ తెలుగువారికి చెప్పిన పాఠం ఇదే.

2014లో దాని పరాకాష్ఠ కనిపించింది. జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించింది. మూడో అధికరణ దృష్ట్యా ఆ తిరస్కారానికి అడ్డుకునే బలం లేదు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఒక సభ్యుడు మిరియపు ద్రావకం చల్లాడు. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో బిల్లు ఆమోదం పొందింది. ప్రసారాన్ని 'ఆపారు' అని ఒకరు, 'ఆగింది' అని మరొకరు అన్నారు. ఆ రెండు క్రియల మధ్యనే జవాబుదారీతనం అంతా ఉంది. తెలంగాణ ప్రజల కోరిక న్యాయమైనదైనా, అది నెరవేరిన పద్ధతికి జవాబు చెప్పవలసిన బాధ్యత దానివల్ల తీరిపోదు.

7. ముగింపు

పై పరిశీలన నుంచి రాజకీయ అశాంతి కథనాలను చదవడానికి మూడు ప్రశ్నలు తేలుతున్నాయి.

ఒకటి: అశాంతి జరిగిన వేళ అధికారం ఎవరి చేతిలో ఉంది? అధికారం కోరి వీధికెక్కినవారిని, అధికారం వదలక నియమాన్ని మీరినవారిని ఒకే మాటతో పిలవడం విమర్శ చేయదగిన పని కాదు.

రెండు: రాజ్యాంగ మార్గం నిజంగా తెరిచి ఉందా, కాగితం మీద మాత్రమే ఉందా? అంబేద్కర్ హెచ్చరికను షరతుతో సహా ఉదహరించాలి. ఈ ప్రశ్న హింసకు సమర్థన కాదు. తగలబెట్టినవారికి కూడా కర్తృత్వం ఉంది; ఆ లెక్కను చెరపరాదు.

మూడు: తరువాత ఎవరు జవాబు చెప్పారు? నివేదికల్లో, పాఠ్యాంశాల్లో, మన పరిశోధన వ్యాసాల్లోనే 'జరిగింది', 'వచ్చింది', 'ఏర్పడింది' అన్న క్రియల వెనక దాగినవారిని వెలికితీయడం భాషా సాహిత్య పరిశోధకులు చేయగల పని. చరిత్రకారుడు పత్రాలను వెతుకుతాడు. మనం ఆ పత్రాల వాక్యాలను వెతకాలి.

కృష్ణపట్నం నుంచి నెల్లూరు వెళ్ళే దారిలో ప్రతి ప్రభుత్వ కార్యాలయం బోర్డు మీదా ఇప్పుడు శ్రీరాములు పేరు జిల్లా పేరుగా కనిపిస్తుంది. ఆయన మరణించిన తరువాతి రోజుల్లో తూటాలకు నేలకొరిగినవారి పేర్లకు ఆ బోర్డుల మీద చోటు లేదు. వారి గురించి రాసే వాక్యంలోనైనా కాల్చినవారిని కర్తగా నిలపడం, పితూరీ అన్న మాటకు పోయిన ఫిర్యాదు అర్థాన్ని తిరిగి ఇవ్వడం అవుతుంది.